డ్రెసాజ్ పోటీకి గుర్రం జూలు, తోక సిద్ధం చేసే పద్ధతి

డ్రెసాజ్ అంటే గుర్రం కదలికలకు, రౌతు మాట వినే తీరుకు జడ్జి మార్కులు వేసే స్వారీ పోటీ. ఆ జడ్జి దగ్గరుండే మార్కుల షీటులో జూలు జడలకంటూ ఒక గడి ఉండదు. ఎంత పొందికగా అల్లినా అర మార్కు కలవదు. అయినా పెద్ద పోటీల్లో జడలు లేని గుర్రం కనిపించడం అరుదు. మెడ పైగీత కోసమే ఇదంతా. మెడ ఎక్కడ వంపు తిరిగిందో, నడినెత్తి ఎత్తున నిలిచిందో లేదో వేలాడే జూలు కప్పేస్తుంది. గుండ్రంగా కట్టిన ముడులు దాన్ని బయటపెడతాయి. పగ్గాల్లో వెంట్రుకలు చిక్కుకోకపోవడం అదనపు లాభం.

ఇక్కడ చెప్పే కొలతలు రేసు గుర్రాల జాతి థరోబ్రెడ్‌కు సరిపోయేవి. మలక్‌పేటలోనో మరో రేసుకోర్సులోనో పరుగు మానేసి రైడింగ్ స్కూలుకు చేరిన గుర్రాలు మనకు ఎక్కువగా దొరుకుతాయి. వాటి జూలు సన్నగా, పట్టులా జారిపోతూ ఉంటుంది. మార్వాడీ గుర్రాల సంగతి వేరు, దాని గురించి తర్వాత.

నెల ముందే మొదలయ్యే పని

జడ బాగా రాలేదంటే తప్పు చాలాసార్లు అల్లిన చేతిది కాదు, అంతకుముందు జూలును సరిచేయకపోవడానిది. ముడులకు జూలు పొడవు నాలుగు నుంచి అయిదు అంగుళాలు ఉండాలి. మీ అరచేతి వెడల్పు, బొటనవేలితో కలిపి, దాదాపు అంతే. ఇంతకంటే పొడవైతే ముడి లావై మెడకు ఒక పక్కకు వాలుతుంది. మూడంగుళాలకు తగ్గితే మడతపెట్టడానికి జడే మిగలదు.

కత్తెరతో అడ్డంగా ఒక్క వరసన కోసేయడం అందరూ చేసే పొరపాటు. అలా కోస్తే కొసలన్నీ ఒకే చోట ఆగి చీపురుకట్టలా అవుతాయి, జడ చివర సన్నబడదు, మడిచినప్పుడు వెంట్రుకలు ముడిలోంచి పొడుచుకొస్తాయి. పాత పద్ధతి లాగడం. జూలు అడుగు పొరలోంచి అన్నిటికంటే పొడవైన వెంట్రుకలు అయిదారు పట్టుకుని, మిగతావాటిని దువ్వెనతో కుదుళ్ల దాకా పైకి నెట్టి, ఆ అయిదారింటిని దువ్వెనకు చుట్టి కిందికి చురుగ్గా ఒక్క లాగు లాగాలి. పని చేసి ఒళ్లు వేడెక్కి ఉన్నప్పుడు వెంట్రుక తేలిగ్గా ఊడుతుంది. ఒక్కపూటలో మెడంతా లాగేస్తే చర్మం మండి, మర్నాటి నుంచి దువ్వెన చూస్తేనే గుర్రం మెడ పైకెత్తేస్తుంది. రోజుకు పది నిమిషాల చొప్పున వారం పది రోజులు తీసుకోండి. పై పొరలోంచి మాత్రం లాగకూడదు. ఆ చోట కొత్తగా మొలిచే పొట్టి వెంట్రుకలు మెడ గట్టు (జూలు మొలిచే పై అంచు) మీద నిటారుగా నిలబడతాయి.

లాగడం ఒప్పుకోని గుర్రాలుంటాయి. వాటితో కుస్తీ పట్టాల్సిన పనిలేదు. లోపల బ్లేడు ఉండే దువ్వెనలు దొరుకుతాయి, అవి లాగకుండానే వెంట్రుకను వేర్వేరు పొడవుల్లో తెంపుతాయి. అదీ లేకపోతే కత్తెరను నిలువుగా, మొన పైకి పెట్టి, కొసల్లోకి చిన్న చిన్న కోతలు వేయండి. జూలు మరీ ఒత్తుగా ఉంటే పల్చబరిచే పళ్ల కత్తెరను అడుగు పొరలోనే వాడాలి.

జూలు అంతా ఒకే పక్కకు పడాలి. ఆనవాయితీ కుడివైపు. డ్రెసాజ్‌లో ఎడమైనా ఎవరూ తప్పు పట్టరు, సగం అటు సగం ఇటు ఉంటేనే చిక్కు. ఎదురుతిరిగే చోట తడిపి, కావలసిన వైపుకు దువ్వి, లావుపాటి వదులు జడలు వేసి రెండు మూడు రోజులు ఉంచండి. నాలుగైదు విడతల్లో దారికొస్తుంది. కళ్లెం తలపట్టీ ఆనే చోట చెవుల వెనక వెంట్రుక కత్తిరిస్తే తలపట్టీ కుదురుగా కూర్చుంటుంది, కానీ ఆ ఖాళీ పట్టీ వెడల్పుకు మించకూడదు. అంగుళం, మహా అయితే అంగుళంన్నర. ఎక్కువ కోస్తే మొదటి జడ కిందికి జరుగుతుంది, తల వెనక బోడిగా కనిపిస్తుంది.

తలంటు ఎప్పుడు

పోటీకి ముందురోజు జూలు కడగొద్దు. కొత్తగా కడిగిన వెంట్రుక వేళ్లకు దొరకదు, అల్లిన పాయ అల్లినట్టే సడలిపోతుంది. రెండు మూడు రోజుల ముందు కడగండి. ఆ వ్యవధిలో చేరే కొద్దిపాటి జిడ్డే పట్టు ఇస్తుంది. కండిషనర్, మెరుపు స్ప్రే జూలుకు వద్దు, తోకకు దాచుకోండి.

కొబ్బరినూనె గురించి ఒక మాట. మన లాయాల్లో జూలుకు నూనె రాయడం అలవాటు, పొడిబారిన వెంట్రుకకు మంచిదే. పోటీ దగ్గరపడ్డాక మాత్రం కాదు. నూనె జూలుకు మైదానంలో దుమ్మంతా అంటుకుంటుంది, జడ జారుతుంది, ముడి గంటలో కిందికి వేలాడుతుంది. నూనె మానేసి, వారం ముందు ఒకసారి, పైన చెప్పినట్టు రెండు మూడు రోజుల ముందు ఇంకోసారి తలంటితే చాలు. కుంకుడు రసం వాడేవాళ్లు నుదుటి జూలుకు వాడకండి, కళ్లలోకి కారుతుంది. షాంపూ అయినా కుంకుడైనా కుదుళ్ల దగ్గర మిగిలిపోతే పొట్టు లేచి దురద పెడుతుంది. నీళ్లు తేటగా జారేదాకా కడగాలి.

సామాను

పొట్టి పళ్ల జూలు దువ్వెన, నీళ్ల స్ప్రే సీసా, పెద్ద క్లిప్పులు రెండు, జూలు రంగు మైనపు దారం, మొన మొద్దుగా ఉండే పెద్ద కన్ను సూది, కుట్లు విప్పే చిన్న పరికరం, కత్తెర, కదలని పీట. గోనెలు కుట్టే దబ్బనం మందం సరిపోతుంది, దాని పదునైన మొన ప్రమాదం. బోర్లించిన బకెట్ పీటకు బదులు కాదు. గుర్రం ఒక్క అడుగు పక్కకు వేస్తే బకెట్‌తో పాటు మీరూ దాని కాళ్ల కింద ఉంటారు.

రబ్బరు బ్యాండ్లతో పని సగం సమయంలో అయిపోతుంది. సాధనకు, చిన్న పోటీలకు బాగానే ఉంటాయి. కాకపోతే ఎండలో తెగుతాయి, తీసేటప్పుడు వెంట్రుకను తెంపుకుపోతాయి. దారంతో కుట్టింది రోజంతా నిలుస్తుంది, కోసి తీస్తే వెంట్రుకకు నష్టం ఉండదు. తెల్ల దారం, తెల్ల టేపు కొందరికి ఇష్టం. ముదురు రంగు మెడ మీద వాటి వరస దూరానికి కూడా కనిపిస్తుంది, తల అటూ ఇటూ ఊగినా అంతే స్పష్టంగా కనిపిస్తుంది. మెడ ఇంకా నిలకడ కాని గుర్రానికి జూలు రంగే మేలు.

ఎన్ని జడలు, ఎక్కడ కూర్చోబెట్టాలి

మెడ మీద 9 నుంచి 13, ముందు నుదుటిది ఒకటి. మెడ మీద బేసి సంఖ్య ఉండాలనేది సంప్రదాయమే, నిబంధన కాదు. పొట్టి మెడకు సంఖ్య పెంచి చిన్న ముడులు వేస్తే మెడ సాగినట్టుంటుంది. పొడుగు మెడకు తగ్గించి కాస్త పెద్దవి వేయాలి. మెడ వెంబడి జూలును కొలిస్తే ఇంచుమించు 30 అంగుళాలు వచ్చిందనుకోండి, 11 జడలకు ఒక్కో భాగం రెండున్నర అంగుళాలు దాటుతుంది. దువ్వెన మీద ఆ కొలతకు టేపు ముక్క అంటించుకుంటే ప్రతిసారీ లెక్క చూసుకోనక్కర్లేదు. మెడ మధ్యలో జూలు ఒత్తుగా, మూపు దగ్గర పల్చగా ఉంటుంది. కాబట్టి చివరి రెండు మూడు భాగాలు మిగతావాటికంటే ఒక వేలి మందం ఎక్కువ వెడల్పుగా తీసుకుంటేనే ముడులు ఒకే సైజులో వస్తాయి.

గట్టు పల్చగా, కండ తక్కువగా ఉన్న మెడకు ముడిని గట్టు మీదే నిలబెట్టాలి. బలిసిన మెడకు గట్టుకు కొంచెం కిందగా, పక్కకు ఆనించి కట్టాలి. రేసుల నుంచి వచ్చిన థరోబ్రెడ్‌లకు మొదటిదే ఎక్కువసార్లు పనికొస్తుంది.

ఒక జడ, మొదటి నుంచి చివరి దాకా

గుర్రాన్ని లాగితే ఊడే ముడితో కట్టండి, ముందు గడ్డి పెట్టండి. చెవుల వైపు నుంచి మొదలుపెట్టండి. చాలా గుర్రాలు మొదట్లో నిలబడి, చివర్లో విసుగుపడతాయి. చెవుల దగ్గర చేయి పడనివ్వని ఘడియ రాకముందే అక్కడి పని అయిపోవాలి.

భాగాన్ని కుదుళ్ల దాకా తడపండి. పక్క జూలును క్లిప్పుతో వెనక్కి పట్టి ఉంచండి. పాపిడి దువ్వెన మూలతో తిన్నగా తీయాలి, వంకర పాపిడి దూరం నుంచే తెలుస్తుంది. మూడు సమానమైన పాయలు చేయండి. పాయ మీద పాయ వేసే మొదటి మూడు మార్పులే జడ బతుకు. ఆ మూడూ వేసేటప్పుడు మీ వేళ్ల కణుపులు గుర్రం మెడకు తగులుతూ ఉండాలి. పాయలను మీ వైపుకు లాగితే కుదుళ్ల దగ్గర సందు మిగులుతుంది. బిగువు నేలవైపుకు ఉండాలి. ముడి గట్టు మీద నిలబడాలంటే మాత్రం ఆ మొదటి మార్పులను కొంచెం పైకి ఎత్తి పట్టుకుని అల్లండి.

ఆ తర్వాత బిగువు ఒకేలా ఉంచుతూ కిందికి. మూడింట రెండు వంతులు అల్లాక అడుగున్నర దారాన్ని మధ్యకు మడిచి జడ వెనక ఆనించి, రెండు కొసలనూ రెండు పాయలతో కలిపి అల్లుకుపోండి. చివర దారంతో రెండు చుట్లు చుట్టి బిగించండి. మిగిలిన నాలుగు వెంట్రుకల కొసను పైకి మడిచి, దాని మీద ఇంకో చుట్టు వేస్తే కొస దాగుతుంది. ఈ దశ వరకు మెడ మొత్తం పూర్తిచేసి, అడుగు వెనక్కి వేసి వరస చూడండి. వేలాడే జడలన్నీ ఒకే పొడవు, ఒకే మందం ఉన్నాయా? ఒకటి తేడాగా ఉంటే ఇప్పుడే విప్పండి, ముడి కట్టాక దిద్దలేరు.

ఇక ముడి. దారాన్ని సూదికి ఎక్కించి, జడ అడుగు నుంచి, కుదుళ్ల దగ్గర జడ మధ్యలోంచి పైకి దూర్చండి. సూది వెంట్రుకల్లోంచి పోవాలి, చర్మాన్ని తాకకూడదు. దారం లాగితే జడ సగానికి మడిచి, కొస లోపలికి పోతుంది. ఆ మడతను మళ్లీ సగానికి పైకి చుట్టండి, గుండ్రంగా వస్తుంది. దాన్ని బొటనవేలితో నొక్కిపట్టి సూదిని అడుగు నుంచి ముడి నడుమకు తీయండి. దారాన్ని ఎడమ పక్క నుంచి తిప్పి మళ్లీ అడుగుకు, తర్వాత కుడి పక్క నుంచి. రెండు పక్కలా ఒక్కో చుట్టు పడితే ముడి పక్కలకు దొర్లదు. అడుగున ముడివేసి దారం కోయండి. సూదిని ఎప్పుడూ పరుపు గడ్డి మీద పెట్టకండి, నోట్లో పెట్టుకోకండి. ఎన్ని సూదులతో మొదలుపెట్టారో అన్నీ డబ్బాలో చేరాయో లేదో చూశాకే లాయం దాటండి.

చేయి తిరిగినవారికి మెడ మొత్తం ముప్పావు గంట, కొత్తవారికి రెండు గంటలు పడుతుంది. రాత్రే వేసి పెట్టడం వద్దు. గుర్రం తొట్టికి రాసుకుంటుంది, పడుకుంటుంది, తెల్లారేసరికి ముడుల్లో గడ్డి ఉంటుంది. చలిదేశాల్లో మెడకు సాగే తొడుగు వేసి నెట్టుకొస్తారు, మన ఉక్కలో అది గుర్రానికి శిక్ష.

ఎక్కడ చెడుతుంది

కుదుళ్ల దగ్గర వదులైతే ముడి ఊగుతుంది. చివర్లో దారం ఎంత బిగించినా ఆ వదులు పోదు. విప్పి మళ్లీ వేయడమే.

మరీ బిగిస్తే ఇంకా నష్టం, ఎందుకంటే అది మార్కులనే తింటుంది. డ్రెసాజ్‌లో గుర్రం మెడను ముందుకీ కిందికీ సాచాల్సిన ఘట్టాలుంటాయి. కుదుళ్ల దగ్గర చర్మం లాగుతుంటే గుర్రం మెడ చాపదు, తల విదిలిస్తుంది. రౌతు చేతిదో కళ్లెందో తప్పనుకుని వెతుకుతారు. అల్లడం అయ్యాక నేల మీద గుప్పెడు పచ్చగడ్డి వేసి తల దించనివ్వండి. జడల మొదట్లో చర్మం గుడారంలా లేస్తుంటే బిగువు ఎక్కువైనట్టే. మూపు దగ్గరి చివరి జడ తల దించినప్పుడు ఎక్కువ లాగుతుంది కాబట్టి దాన్ని మిగతావాటికంటే ఒక పిసరు వదులుగా వేయాలి. జీను కింద గుడ్డ దాన్ని నొక్కకుండా చూడాలి.

గట్టు మీద లేచే పొట్టి వెంట్రుకలను కత్తిరించాలని చేయి దురద పెడుతుంది. వద్దు. నెలకు అవి ఇంకా గట్టిగా నిలబడతాయి. కొంచెం జెల్ వేలితో రాసి, తడి గుడ్డతో వెనక్కి అదిమితే పోటీ అయ్యేదాకా పడి ఉంటాయి.

నుదుటి జూలుకు గుర్రానికి ఎదురుగా నిలబడకండి. తల ఒక్కసారి ఎగరేస్తే మీ ముక్కుకో గడ్డానికో తగులుతుంది. భుజం పక్కన నిలబడి చేయి చాచి అల్లండి. ఈ ముడి నుదుటి పట్టీకి పైన కూర్చోవాలి, పట్టీ కింద నలిగితే గుర్రం తల రుద్దుకుంటుంది.

పొడుగు జూలు గుర్రాలు

మార్వాడీ, కాఠియావాడీ, అరబ్బీ గుర్రాల జూలును ముడుల కోసం కోయడం అన్యాయం. వాటికి మెడ పొడవునా పాకే ఒకే జడ సరిపోతుంది. చెవుల దగ్గర చిన్న పాయలు మూడింటితో మొదలుపెట్టి, ప్రతి మార్పుకూ గట్టు వైపు నుంచి మాత్రమే కొత్త పాయ కలుపుకుంటూ మూపు దాకా వెళ్లాలి. జడ గట్టుకు మూడు నాలుగు అంగుళాల కింద, గట్టుకు సమాంతరంగా నడవాలి. కొత్త పాయలను బిగించి లాగితే జడ పైకి ఎక్కిపోయి, మెడ చాచినప్పుడు పట్టేస్తుంది. పోలో గుర్రాలకు ఈ బాధలేవీ లేవు. జూలు పూర్తిగా గొరిగి, బంతి కొట్టే కర్ర అయిన మాలెట్‌కు పగ్గాలకు అడ్డం రాకుండా తోకను అల్లి, పైకి మడిచి టేపు చుడతారు.

తోక

జూలు వెంట్రుక తెగితే కొన్ని నెలల్లో సరిపోతుంది. తోకలో తెగింది మళ్లీ కింది దాకా పెరగడానికి ఏళ్లు పడుతుంది. అందుకే తోకకు దువ్వెన చివరి సాధనం. వెనక నేరుగా నిలబడకుండా తొడ పక్కన నిలబడి, ఒక చేయి తుంటి మీద ఆనించి, తోకను మీ వైపుకు తెచ్చుకోండి. కండిషనర్ గానీ చిక్కు తీసే స్ప్రే గానీ పట్టించి, కొసల నుంచి మొదలుపెట్టి వేళ్లతో చిక్కు తీస్తూ పైకి రండి. పూర్తిగా విడిపోయాక వెడల్పు పళ్ల దువ్వెన. స్ప్రే తుంటి మీద, జీను చోట పడకూడదు. జీను జారుతుంది.

తోక మొదట్లో వెంట్రుకలు విరిగి రేగినట్టుంటే అలంకారం పక్కనపెట్టి కారణం వెతకండి. తోక రాయడం వెనక పేగుల్లో సన్న పురుగులు, సన్న దోమలు కుట్టిన దురద, గోమార్లు, పొదుగు దగ్గరో మగ గుర్రం తొడుగులోనో పేరుకున్న మురికి ఉండొచ్చు. మొదటి మూడింటికి పశువైద్యుడిని అడగాలి. మురికిని గోరువెచ్చని నీళ్లతో కడిగితే పోతుంది.

చివర తిన్నగా కోయడంలో ఒకటే కిటుకు. నడిచేటప్పుడు గుర్రం తోకను కొంచెం ఎత్తి పట్టుకుంటుంది. వేలాడుతుండగా కోస్తే, ఎత్తినప్పుడు కొస వాలుగా, అనుకున్నదానికంటే పొట్టిగా కనిపిస్తుంది. ఒకరు తోక మొదలు కింద ముంజేయి పెట్టి, నడకలో ఉండే ఎత్తుకు లేపాలి. ఇంకొకరు దువ్వి, పిడికిలితో కిందికి జార్చుకుంటూ పోయి, వెనక కాలి మడమ కీలు మొనకు బెత్తెడు కింద ఆపి, నేలకు సమాంతరంగా కోయాలి. డ్రెసాజ్‌లో ఇంకాస్త పొడవు ఉంచుతారు. మొదటిసారి అంగుళమే కోసి, గుర్రాన్ని నడిపించి చూసి, అప్పుడు మిగతాది.

తోక మొదలు రెండు పక్కలా సన్నగా కనపడాలంటే లాగొచ్చు, క్లిప్పర్ వాడొచ్చు, అల్లొచ్చు. క్లిప్పర్ పట్టిన చోట మొలిచే మొలకలు గుచ్చుకుని దురద పెడతాయి. అల్లాలంటే పక్క వెంట్రుకలు పొడవుగా ఉండాలి కాబట్టి లాగిన తోకకు ఆ దారి మూసుకుపోయినట్టే. డ్రెసాజ్‌లో తోక మామూలుగా వదిలేస్తారు, గుర్రం రూపాన్ని చూసే షో తరగతుల్లో అల్లుతారు. అల్లేటప్పుడు పైనుంచి, రెండు అంచుల నుంచి పది పదిహేను వెంట్రుకల సన్న పాయలు మాత్రమే తీసుకోండి. లావు పాయలు తీస్తే నడి జడ బరువెక్కి సడలుతుంది. తోక ఎముకలో మూడింట రెండు వంతుల దాకా అలా కలుపుతూ వచ్చి, అక్కడ ఆపి, ఉన్న మూడు పాయలనే చివరిదాకా అల్లి, కొసను పైకి మడిచి లోపల కుట్టేయండి. బిగువు మించితే గుర్రం తోక ముడుచుకుంటుంది లేదా విసురుతుంది. జడ్జి దాన్ని బెదురుగా, ఎదురుతిరగడంగా లెక్కేస్తారు.

వెంట్రుక పడి ఉండటానికి కట్టు కడతారు. వెంట్రుకను తడపాలి, కట్టు గుడ్డను కాదు. తడి గుడ్డ ఆరుతూ బిగుసుకుని రక్తం ఆపేస్తుంది. గంట చాలు, రాత్రంతా ఉంచితే తోక చర్మం దెబ్బతింటుంది, వెంట్రుక తెల్లగా మొలిచే ప్రమాదం ఉంది. అల్లని తోకకైతే కట్టును పై అంచు పట్టి కిందికి ఒక్క జారుగా లాగేయొచ్చు. అల్లిన తోకకు మాత్రం చుట్టు చుట్టుగా విప్పాలి.

నిబంధనలు

అంతర్జాతీయ గుర్రపుస్వారీ సమాఖ్య డ్రెసాజ్ నియమాల్లో జూలు, తోక మామూలుగా అల్లుకోవచ్చు, రిబ్బన్లు, పూలు వంటి అలంకారాలు నిషిద్ధం. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ ఉండే స్పర్శ వెంట్రుకలు కత్తిరించిన గుర్రాన్ని 2021 జులై 1 నుంచి ఆ సమాఖ్య పోటీల్లోకి రానివ్వడం లేదు. అందంగా ఉంటుందని గొరిగే పాత అలవాటు మన లాయాల్లో ఇంకా ఉంది, గుర్రాలను చూసుకునే సైసులకు ముందే చెప్పి ఉంచండి. తన్నే గుర్రానికి ప్రాక్టీసు మైదానంలో తోకకు ఎర్ర రిబ్బను కట్టడం ఇతరులకు హెచ్చరిక. పోటీ బరిలోకి వెళ్లే ముందు దాన్ని విప్పేయాలి.

విప్పడం

పోటీ అవగానే, గుర్రానికి నీళ్లు పట్టి ఒళ్లు చల్లబడ్డాక, జడలు విప్పేయండి. అలసటతో మర్నాటికి వాయిదా వేస్తే రాత్రి రాసుకుని జూలు కుచ్చులుగా తెంపేసుకుంటుంది. కుట్లు విప్పే పరికరం మొనను ముడి అడుగున దారం కిందికి దూర్చి కోయాలి. కత్తెరతో చేస్తే దారంతో పాటు వెంట్రుకా పోతుంది. ముడి జారాక కొస నుంచి పైకి వేళ్లతో విప్పుతూ, దారం ముక్కలను జేబులో వేసుకోండి. నేల మీద వదిలితే గడ్డితో పాటు గుర్రం నోట్లోకి పోతాయి. వంకీలు తిరిగిన జూలును తడిపి దువ్వి, కుదుళ్ల దగ్గర ఎర్రబడిందా, పొట్టు లేచిందా అని వేలితో నొక్కి చూడండి. ఎర్రగా ఉంటే తర్వాతి పోటీ దాకా ఆ చోట సాధన జడలు వేయకండి.